వెనకటి మేస్త్రి

తెగిన వైరు అతకడానికి రెండు చేతులు, ఒక కత్తి, జానెడు టేపు ఉంటే చాలుననుకునే అమాయకులు లోకంలో ఇంకా ఉన్నారు. వాళ్లు సెర్బియాలో ఎన్నడూ కారు బాగుచేయించుకుని ఉండరు. మా దగ్గర తెగిన వైరుకు ముందుగా కావలసింది దోషి. దోషి దొరికాడంటే కత్తీ టేపూ వాటంతటవే దొరుకుతాయి.

పద్ధతి ఇది. మేస్త్రి బానెట్ ఎత్తుతాడు. లోపలికి వంగుతాడు. కాసేపు ఏమీ మాట్లాడడు (ఈ మౌనం తప్పనిసరి; దీన్ని కుదించబోయిన మేస్త్రులకు గిరాకీ పడిపోయింది). తర్వాత నిటారుగా నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, అడగవలసిన ప్రశ్న అడుగుతాడు: "ఎవడు చేశాడు దీన్ని ఇలా?" కారు గలవాళ్లు వెనకటి మేస్త్రి పేరు చెప్పాలి. ఈ మేస్త్రి ఆ మేస్త్రిని తిడతాడు. తిట్లు సగానికి వచ్చేసరికి పని కూడా సగానికి వస్తుంది. ఆపరేషనుకు ముందు డాక్టరు చేతులు కడుక్కోవడం లాంటిదన్నమాట. చేతులు కడుక్కోని డాక్టరు ముందు ఎవరైనా పడుకుంటారా? తిట్టకుండా పట్టకారు పట్టే మేస్త్రి దగ్గర కారు వదలడమూ అంతే.

మాకు ఇంకొక చట్టం ఉంది. అది దీనికన్నా పాతది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలి. ఈ రెండు చట్టాలూ తరతరాలుగా ఒకే దేశంలో, ఒక ఇంట్లో మాటల్లేని తోడికోడళ్లలా, ఒకదానికొకటి ఎదురుపడకుండా బతికాయి. చివరికి ఎదురుపడ్డది లిపోవో గ్రామంలో, స్తమేనా కారు ఫ్యూజు పెట్టె దగ్గర.

స్తమేనాకు అరవై దాటాయి. భర్త వుకోమాన్ పోయి రెండేళ్లయింది. అతను ఆమెకు వదిలి వెళ్లినవి తేనెటీగల పెట్టెలు, వాటిని మోసే చిన్న ట్రాలీ, ఆ ట్రాలీని లాగే కారు. కారును చేసిన ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. ఆ ఫ్యాక్టరీ ఉన్న దేశమూ ఇప్పుడు ఆ పేరుతో లేదు. కారు మాత్రం ఉంది. ఎవరూ దానికి ఆ సంగతి చెప్పలేదు.

వుకోమాన్ బతికుండగా ఒక చలికాలం ఆ కారులో, బానెట్ కింద ఫ్యూజు పెట్టె పక్కన, వైర్లు వేడెక్కి కరిగిపోయాయి. వుకోమాన్ పాడైన వాషింగ్ మెషీన్ లోంచి ఒక వైరు పీకి, ఫ్యూజు పెట్టెను తప్పించి పక్కనుంచి లాగి, చెమ్మ తగలకుండా అతుకుల మీద మైనం దిట్టంగా మెత్తాడు. తేనెటీగలు పెంచేవాడి ఇంట్లో మైనానికి కరువేముంది? అతని ఆలోచనలో తప్పు లేదు. చెమ్మ చేరలేదు. ఎలకలు చేరాయి. ఈ రెండేళ్లలో అవి మైనాన్ని తినేసి, అలవాటు మానుకోలేక వైర్ల మీది తొడుగును కూడా కొరకడం మొదలుపెట్టాయి.

దాంతో ఇప్పుడు ఎడమ ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్లు ఆరిపోతున్నాయి. కుడి ఇండికేటర్ వేస్తే వెలుగుతున్నాయి. అంచేత చీకటి పడ్డాక స్తమేనా కుడివైపు మాత్రమే తిరిగేది (ఇండికేటర్ వేయకుండా తిరగడం ఆమె ఎరగదు). ఊళ్లో చాలా పనులు కుడి తిరుగుళ్లతోనే అయిపోతాయని ఆమెకు అప్పుడే తెలిసింది. కానీ బాగ్రెమ్ అడవి ఎడమవైపు ఉంది.

వసంతం చివర కొండవాలు మీద బాగ్రెమ్ చెట్లు తెల్లటి గుత్తులు విడుస్తాయి. ఆ పూత పది రోజులు నిలిస్తే గొప్ప. ఆ పది రోజుల్లో తెచ్చుకున్న తేనెతోనే తేనెటీగలకూ స్తమేనాకూ ఏడాది గడవాలి. పెట్టెల్ని కొండకు చేర్చాలంటే పొద్దుగూకి ఈగలన్నీ ఇల్లు చేరాకే కదలాలి. అంటే చీకట్లో, వెనక ట్రాలీతో, ఎడమవైపుకు. మొగ్గలు అప్పటికే గోధుమగింజంత అయ్యాయి. పైగా కారుకు ఏటేటా జరిగే తనిఖీ గడువు కూడా ఆ వారమే.

ఆమె ముందు ల్యుబింకో మేస్త్రి దగ్గరకు వెళ్లింది. ల్యుబింకోది జిల్లాలో పేరున్న చెయ్యి. అంతకన్నా పేరున్న నోరు. బానెట్ ఎత్తి, వంగి, ఉండవలసినంత సేపు మౌనంగా ఉండి, లేచాడు. కళ్లలో పండగ కళ కనిపించింది.

"ఎవడమ్మా, ఎవడు చేశాడు దీన్ని ఇలా?"

"మా ఆయన," అంది స్తమేనా.

"పిలువు ఒకసారి ఇటు. నా మొహం చూసి చెప్పమను, వాషింగ్ మెషీన్ వైరు కారుకి ఏ గాడిద..."

"పోయాడు మేస్త్రీ. రెండేళ్లయింది."

ల్యుబింకో నోరు తెరుచుకునే ఉండిపోయింది. గాడిద సగం బయట, సగం లోపల. మెల్లగా టోపీ తీశాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు. గూట్లోంచి రాకియా అనే పళ్ల సారా సీసా తీసి, పోయినవాడి పేర ఒక చుక్క నేల మీద ఒలికించి, తక్కినది తాను తాగాడు. మళ్లీ బానెట్ కిందికి వంగాడు. ఈసారి చర్చిలో వంగినట్టు వంగాడు.

"బంగారు చేతులు," అన్నాడు. "చూడు, ఎంత ఓపిగ్గా చేశాడో. ఈ రోజుల్లో ఎవడు చేస్తాడమ్మా ఇలా?"

"వాషింగ్ మెషీన్ వైరు అన్నావు ఇందాక?"

"రాగి! అసలు సిసలు రాగి. ఇప్పుడు దొరుకుతుందా?"

"సరే, మార్చు మరి."

"ఏం మార్చాలి?"

"వైరు."

"ఎందుకు? బాగోలేదంటావా?" ల్యుబింకో నొచ్చుకున్నాడు.

"దీపాలు ఆరిపోతున్నాయి మేస్త్రీ."

"అది దీపాల తప్పు. చూడమ్మా, నేనిది పీకానంటే బాగోలేదన్నట్టేగా? పోయిన మనిషి చేతిపని బాగోలేదని నేనంటానా? అని, రేపు శ్మశానం పక్కనుంచి ఏ మొహం పెట్టుకుని నడవను?" నిద్రపోతున్న పసిపిల్ల గది తలుపు దగ్గరికి వేసినట్టు బానెట్ దించి, రెండు అరచేతులతో మెత్తగా నొక్కాడు. డబ్బు తీసుకోనన్నాడు. ఆమెకు నిజంగా భయం వేసింది అప్పుడే.

పట్నంలో జ్వెజ్దాన్ అనే కుర్ర మేస్త్రి ఉన్నాడు. కారుకు కంప్యూటరు తగిలించి చూస్తాడని పేరు. స్తమేనా తెల్లవారకముందే బయల్దేరి, అతని దగ్గరకు కుడి తిరుగుళ్లతో చుట్టుతిరిగి వెళ్లింది. కంప్యూటరు తగిలించే చోటు ఆ కారులో లేదు. మిగిలినదంతా ల్యుబింకో దగ్గర జరిగినట్టే జరిగింది. కాకపోతే జ్వెజ్దాన్‌కు టోపీ లేదు. కళ్లజోడు తీశాడు. పైగా ఫోనుతో ఫొటో తీసుకున్నాడు, గోడకు పెట్టుకుంటానని.

ఇక మిగిలింది తనిఖీ కేంద్రం. అక్కడి అధికారి స్లావోల్యుబ్ చట్టం తెలిసిన మనిషి. (చట్టం రాసినవాళ్లకే అనుమానం వచ్చినప్పుడు ఆయనకు ఫోన్ చేస్తారని ఆయనే చెబుతాడు.) ఎడమ ఇండికేటర్ వేయమన్నాడు. దీపాలు ఆరిపోయాయి. కుడిది వేయమన్నాడు. వెలిగాయి. తృప్తిగా తల ఊపాడు.

"లోపం ఉంది. దోషి ఎవరు?"

"మా ఆయన. లేడు. పోయాడు."

స్లావోల్యుబ్ లేచి నిలబడి, ఒక నిమిషం తల వంచుకుని, మళ్లీ కూర్చున్నాడు. "మీ దుఃఖంలో శాఖ తరఫున పాలుపంచుకుంటున్నాను. కానీ అమ్మా, పోయినవారిని దోషిగా రాయడానికి లేదు. దోషి లేకుండా లోపం రాయడానికీ లేదు. దోషి లేని లోపాన్ని ప్రకృతి వైపరీత్యం అంటారు. వరద, వడగళ్లు, భూకంపం, మీ ఎడమ ఇండికేటర్. అది ప్రభుత్వం ప్రకటించాలి."

"లోపం రాయకపోతే మానె. తనిఖీలో పాసయిందని రాయండి."

"దీపాలు ఆరిపోతుంటే ఎలా రాస్తాను?"

అంతలో బానెట్ సందులోంచి సన్నగా పొగ లేచింది. ఇద్దరూ మర్యాదగా అది తగ్గేదాకా ఆగారు.

"ఆ పొగ కూడా రాయరా?" అంది స్తమేనా.

"రాస్తే దాని దోషి ఎవరని అడుగుతారు," అన్నాడు స్లావోల్యుబ్. ఆయన చెడ్డవాడు కాడు. ఆమె వెళ్లిపోతుంటే వెనకనుంచి పిలిచి చెప్పాడు: "బతికున్నవాణ్ని ఎవణ్నైనా చూసుకోండమ్మా. బతికున్నవాళ్లు ఎంతమంది లేరు!"

ఇంటికి వచ్చేసరికి మొగ్గలు బఠాణీ గింజంత అయ్యాయి. స్తమేనా కంచె దగ్గర నిలబడి కొండను చూస్తోంది. కంచెకు అవతల గ్రదిమీర్ ఉల్లినారుకు నీళ్లు పోస్తున్నాడు. బళ్లో భూగోళం చెప్పి రిటైరైన మనిషి. పెళ్లి చేసుకోలేదు. వుకోమాన్‌కు ప్రాణస్నేహితుడు. స్నేహమంటే, వుకోమాన్ ఏది బాగుచేస్తున్నా పక్కన లైటు పట్టుకుని నిలబడేది అతనే. లైటు ఎప్పుడూ సరైన చోట పడేది కాదు. "ఇటు, గ్రదా, ఇటు! నా చేతి మీద కాదు, వైరు మీద!" అని వుకోమాన్ అరవడం వీధి చివరకు వినిపించేది.

"ఏంటొదినా, మొహం అలా ఉంది? తేనెటీగ కుట్టిందా?" అన్నాడు గ్రదిమీర్.

"ఎలక కుట్టింది," అని స్తమేనా జరిగిందంతా చెప్పింది.

గ్రదిమీర్ నీళ్ల డబ్బా కింద పెట్టి ఆలోచించాడు. "అంటే బతికున్న వెధవ ఒకడు కావాలి. అంతేనా?"

"అంతే."

"నేను ఖాళీగానే ఉన్నానుగా."

స్తమేనాకు చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది. "నీకు స్క్రూడ్రైవర్ ఏ కొస పట్టుకోవాలో తెలీదు గ్రదా!"

"అదే కదొదినా నేను చెప్పేది. నన్ను చూడగానే నమ్ముతారు. అయినా లైటు నేనే పట్టుకున్నానాయె. పావలా వంతు పాపం ఎలాగూ నాదే. మిగతా ముప్పావలా కూడా వేసుకుంటే పోలా?"

మర్నాడు ఇద్దరూ ల్యుబింకో దగ్గరకు వెళ్లారు. పాపం ఆయన చేసింది కాదట, ఈయన చేసిందట అని స్తమేనా చెప్పబోయింది. ల్యుబింకో పూర్తిగా విననేలేదు. అతని మొహం విచ్చుకుంది.

"నేనప్పుడే అనుకున్నా! చూడగానే అనుకున్నా, ఇది వుకోమాన్ చేతిపని కాదని! ఆయన ఆత్మ చల్లగా ఉండాలి, ఆయనవి బంగారు చేతులు." టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. బానెట్ ధడాలున ఎత్తాడు. "ఏం మాస్టారూ! వాషింగ్ మెషీన్ వైరా? కారుకి? బట్టలు కూడా ఇందులోనే ఉతుకుతారా?"

"తప్పయింది," అన్నాడు గ్రదిమీర్.

"ఫ్యూజు పెట్టెని తప్పించి లాగావేంటయ్యా? పిల్లలకి నదుల పాఠం చెప్పావుగా, కరెంటు కూడా పల్లానికి పారుతుందనుకున్నావా?"

"అనుకున్నాను."

"మైనం! దీని మీద మైనం! ఎలకలకి విందు పెట్టావు. పక్కన ఉప్పూ కారం కూడా పెట్టకపోయావా?" పట్టకారు చేతిలోకి వచ్చింది. కొరికిన వైర్లు ఒక్కొక్కటీ ఊడి నేల మీద పడుతున్నాయి. వుకోమాన్ వైరు కూడా ఊడి వచ్చింది, మైనం పెచ్చులతో సహా. "ఇవి మనిషి చేతులా, ఎద్దు డెక్కలా? కళ్లు మూసుకుని చేశావా, తాగి చేశావా? కారు మీద పగబట్టినవాడు కూడా ఇలా చెయ్యడు!"

స్తమేనా చేతిసంచి పట్టుకుని గోడవార నిలబడింది. ప్రతి మాటా ఎవరికి తగలవలసిందో ఆమెకు తెలుసు. "ఆ రోజు..." అంటూ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ రోజు చలి మేస్త్రీ," అన్నాడు గ్రదిమీర్ గబుక్కున. "వేళ్లు కొంకర్లు పోయాయి. పొద్దున్నే భార్యని ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది. ఎలాగైనా కారు కదలాలి. ఇంట్లో ఉన్నది ఆ వైరే. దొరికిందాంతో చేశాను."

ల్యుబింకో పట్టకారు ఆపాడు. "నీకు భార్య ఎక్కడిది?"

గ్రదిమీర్ ఒక్క క్షణం ఆలోచించాడు. "అంత చలి మేస్త్రీ. మతి పోయింది."

స్తమేనా కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. ల్యుబింకో మళ్లీ తిట్లలో పడ్డాడు. కాఫీ చల్లారే లోపు పని అయిపోయింది. టంకం వేసే కడ్డీ బావమరిది పట్టుకెళ్లాడట. అందుకని కొత్త వైర్ల కొసలు వేళ్లతో మెలిపెట్టి, నీలం రంగు టేపు చుట్టి, "ప్రస్తుతానికి ఇది చాలు" అన్నాడు. ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ ఇండికేటరే వెలిగింది. ల్యుబింకో డబ్బు తీసుకున్నాడు. అంతా మళ్లీ దారిలో పడిందని స్తమేనాకు నమ్మకం కలిగింది.

స్లావోల్యుబ్ దోషి పేరు రాసి, లోపం రాసి, లోపం తీరిందని రాసి, ముద్ర వేశాడు. ఆ రాత్రే స్తమేనా పెట్టెలు కొండకు చేర్చింది. బాగ్రెమ్ బాగా పూసింది. గ్రదిమీర్‌కు పెద్ద సీసా తేనె ఇచ్చింది. "తీసుకుంటానొదినా, మొహమాటం లేదు. తిట్లు తిని సంపాదించుకున్నది," అన్నాడతను.

కథ ఇక్కడితో ఆగేదే. కానీ జిల్లాలో ఉన్నది ఆ ఒక్క ఫ్యూజు పెట్టే కాదు.

మొదట పొరుగూరి ముసలాయన వచ్చాడు, ట్రాక్టరు వైరింగ్ తన తండ్రి చేశాడని, ముట్టుకునే మేస్త్రి లేడని. తర్వాత రొట్టెల బట్టీ ఆవిడ. తర్వాత చర్చి గంట మోగించే మోటారు కోసం సాక్షాత్తూ ఫాదరీ. లెక్క తీస్తే జిల్లాలో నడుస్తున్న వస్తువుల్లో సగం పోయినవాళ్లు బిగించినవే. అవన్నీ బంగారు చేతుల పనులే. అందుకే ఏదీ సరిగ్గా నడవడం లేదు. గ్రదిమీర్ ఎవరినీ కాదనలేదు. పొద్దున బాయిలరుకు, మధ్యాహ్నం బావి మోటారుకు, సాయంత్రం పాలకేంద్రానికి వెళ్లి, తల వంచుకుని నిలబడి, "తప్పయింది" అని వచ్చేవాడు. తిట్టడానికి మనిషి దొరికేసరికి మేస్త్రుల చేతులు ఎన్నడూ లేనంత చురుగ్గా ఆడాయి. జిల్లా వెలిగిపోయింది.

ఇంత బాగా జరుగుతున్న పనిని ప్రభుత్వం చూస్తూ ఊరుకోలేదు.

రాజధానిలో వెనకటి మేస్త్రుల డైరెక్టరేట్ వెలిసింది. గ్రదిమీర్‌ను అధీకృత ప్రధాన దోషిగా నియమించారు. గది, ముద్ర, ఇద్దరు గుమాస్తాలు, తల వంచుకుని నిలబడడానికి ఒక తివాచీ. తాను పుట్టక ముందు జరిగిన తప్పులను ఒప్పుకోవడానికి వేరే ఫారం. దోషి కావలసినవాళ్లు ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. నలభై రోజుల్లో దోషిత్వం మంజూరవుతుంది. (అత్యవసరమైతే నలభై రోజులకు తోడు అత్యవసర రుసుము.) గ్రదిమీర్ ఉల్లిమడికి నీళ్లు పోయమని స్తమేనాకు చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాతి వసంతంలో కొండ మీద మొగ్గలు బఠాణీ గింజంత అయిన రోజున స్తమేనా ఎడమ ఇండికేటర్ వేసింది. హెడ్‌లైట్లు ఆరిపోయాయి.

బానెట్ ఎత్తి చూసింది. నీలం టేపు ఇంజను వేడికి జిగురు కారి, విప్పుకుని వేలాడుతోంది. మెలిపెట్టిన వైర్లు దేనికది విడివిడిగా నిలబడ్డాయి. ఆమె రాజధానికి ఫోన్ చేసింది.

"వదినా!" అన్నాడు గ్రదిమీర్. వెనకాల ఎవరో ముద్రలు వేస్తున్న చప్పుడు. "రేపే వచ్చేద్దునే. కానీ నన్ను నేను మంజూరు చేసుకోకూడదట. దరఖాస్తు పెట్టు. నలభై రోజులు."

"పూత పది రోజులు గ్రదా."

"తెలుసొదినా. తప్పయింది," అన్నాడు గ్రదిమీర్. అన్నాళ్ల ఉద్యోగంలో అతను నిజంగా బాధపడి ఆ మాట అన్నది అప్పుడే.

స్తమేనా మర్నాడు ల్యుబింకో దగ్గరకు వెళ్లింది. ల్యుబింకో బానెట్ ఎత్తాడు. వంగాడు. ఉండవలసినంత సేపు మౌనంగా ఉన్నాడు. వేలాడుతున్న నీలం టేపును రెండు వేళ్లతో, చచ్చిన ఎలకను తోక పట్టి ఎత్తినట్టు ఎత్తాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. కళ్లలో పండగ కళ వచ్చింది.

"టంకం లేదు, పాడు లేదు. వేళ్లతో మెలిపెట్టి వదిలేశాడు. ఎవడమ్మా, ఎవడు చేశాడు దీన్ని ఇలా?"

దోషి బతికే ఉన్నాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. దరఖాస్తు అక్కర్లేదు. ఎదురుగానే నిలబడి ఉన్నాడు. పద్ధతి ప్రకారం ఇంతకన్నా కావలసిందేమీ లేదు. స్తమేనా నిజం చెప్పింది.

"నువ్వే మేస్త్రీ. పోయిన వసంతంలో. ఇదే చోట."

ల్యుబింకో ఆమెను చూశాడు. టేపును చూశాడు. గూట్లో అరచెయ్యంత నీలం టేపు చుట్ట ఇంకా ఉంది, దాన్ని చూశాడు.

తర్వాత మెల్లగా టోపీ తీశాడు. శిలువ గుర్తు వేసుకున్నాడు. గూట్లోంచి రాకియా సీసా తీసి, ఒక చుక్క నేల మీద ఒలికించాడు.

"బంగారు చేతులమ్మా ఆ మనిషివి," అని బానెట్ మెత్తగా మూసేశాడు.